రహీం సాబ్ పనితనం: జకార్తా, 1962

1962 సెప్టెంబర్ 4న జకార్తాలోని సెనయన్ స్టేడియంలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. దక్షిణ కొరియా మీద ఆడిన భారత జట్టు పేర్లు చదువుతూ పోతే ముందువరుసలో ఒక పేరు దగ్గర ఆగిపోతాం. సెంటర్ ఫార్వర్డ్, జర్నైల్ సింగ్. గోల్ కొట్టడానికి జట్టంతా నమ్ముకునే చోటు అది. జర్నైల్ సింగేమో ఆసియా ఖండం మొత్తంలో పేరు మోసిన డిఫెండర్. పైగా ఆ టోర్నీలోనే దెబ్బ తగిలి తలకు కుట్లు పడి ఉన్నాయి. గోల్ కాపాడాల్సిన మనిషిని, అదీ గాయంతో ఉన్నవాణ్ని, గోల్ కొట్టే చోట నిలబెట్టింది మన హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అని పిలిచే ఆ పెద్దమనిషి భారత జట్టు కోచ్. ఆ రోజు భారత్ 2-1తో గెలిచి బంగారు పతకం తీసుకుంది. అరవై ఏళ్లు దాటిపోయినా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

ఆ విజయాన్ని ధైర్యసాహసాల కథగా చెప్పుకోవడం మామూలు. ధైర్యం ఉంది, ఎవరూ కాదనరు. కానీ ఆ టోర్నీని మ్యాచ్ తర్వాత మ్యాచ్‌గా చూస్తే ధైర్యం కింద ఇంకొకటి కనబడుతుంది. చేతిలో ఎవరున్నారు, ఎవరికి ఏం వచ్చు, ఎవరి ఒంట్లో ఎంత సత్తువ మిగిలింది అని రోజూ లెక్క చూసుకుని జట్టును మళ్లీ మళ్లీ కట్టిన పనితనం అది. ఈ వ్యాసం ఆ పనితనం గురించి.

ముందు టోర్నీ సంగతి. ఆసియా క్రీడలకు అది నాలుగో విడత. ఆగస్టు 24న మొదలయ్యాయి. ఫుట్‌బాల్‌లో ఎనిమిది జట్లు, రెండు గ్రూపులు. ఒక గ్రూపులో ఆతిథ్య దేశం ఇండోనేషియా, మలయా, దక్షిణ వియత్నాం, ఫిలిప్పీన్స్. రెండో గ్రూపులో దక్షిణ కొరియా, జపాన్, థాయ్‌లాండ్, భారత్. ఒక్కో గ్రూపు నుంచి రెండేసి జట్లు సెమీస్‌కు వెళ్తాయి. మన గ్రూపు గట్టిది. దక్షిణ కొరియా 1956లోనూ 1960లోనూ ఆసియా కప్ గెలిచింది, 1954, 1958 ఆసియా క్రీడల్లో రజతం తెచ్చుకుంది. జపాన్ ఆ తర్వాత ఆరేళ్లకే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలవబోయే దేశం.

అంతకుముందు రెండు సార్లూ బంగారం గెలిచిన తైవాన్ మాత్రం ఈసారి లేదు. ఇండోనేషియా తైవాన్‌నూ ఇజ్రాయెల్‌నూ రానివ్వలేదు. ఆసియా క్రీడలకు పునాది వేసినవారిలో ఒకరైన మన గురుదత్ సోంధీ దీన్ని తప్పుపట్టారు. సభ్యదేశాలను బయట ఉంచి వీటిని ఆసియా క్రీడలని పిలవకూడదన్నారు. ఆ మాటతో జకార్తా వీధుల్లో భారత్ మీద కోపం రేగింది. ఫైనల్‌కు ముందురోజు భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఆ వివాదంతో ఏ సంబంధమూ లేని ఆటగాళ్లు ఆ ఊళ్లోనే బస్సెక్కి మైదానానికి వెళ్లాలి.

మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాతోనే పడింది. 0-2తో ఓడిపోయాం. టోర్నీ ఓటమితో మొదలైతే జట్టును రెండు రకాలుగా పాడుచేయవచ్చు. భయపడి అందర్నీ మార్చేయడం ఒకటి, పంతానికి పోయి ఎవర్నీ మార్చకపోవడం ఇంకొకటి. రహీం సాబ్ ఆ రెండూ చేయలేదు. ముందువరుసలో ముగ్గురిని మాత్రం కదపలేదు. కుడి అంచున ప్రదీప్ కుమార్ బెనర్జీ, ఆయన్ను అందరూ పీకే అనేవారు. ఎడమవైపు కెప్టెన్ చునీ గోస్వామి, మన సికింద్రాబాదు కుర్రాడు తులసీదాస్ బలరాం. పీకేది వేగం, గట్టి షాటు. చునీది బంతిని కాలికి అంటించుకుని మనుషుల్ని దాటిపోయే నేర్పు. బలరాం చూపు దూరానికి పారేది. ఎవరు ఎక్కడ ఖాళీలోకి పరుగెత్తబోతున్నారో ముందే పసిగట్టి అక్కడికి బంతి పంపేవాడు. ఒకరికి వచ్చింది ఇంకొకరికి అంతగా రాదు. అందుకే ముగ్గురూ ఒకరికొకరు అవసరమయ్యారు.

ఫలితం వెంటనే కనబడింది. థాయ్‌లాండ్ మీద 4-1. పీకే రెండు, చునీ ఒకటి, బలరాం ఒకటి. జపాన్ మీద 2-0. పీకే ఒకటి, బలరాం ఒకటి. రెండు మ్యాచ్‌ల ఆరు గోల్సూ ఆ ముగ్గురివే. కొరియా తర్వాత గ్రూపులో రెండో స్థానంతో భారత్ సెమీస్‌కు చేరింది. గోల్స్ వచ్చాయి గానీ జట్టు చితికిపోయింది. జర్నైల్ తలకు గాయం. డిఫెండర్ త్రిలోక్ సింగ్ కాలివేలు దెబ్బతింది. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కు జ్వరం. ఇంకా ఆడాల్సినవి అన్నిటికన్నా కష్టమైన రెండు మ్యాచ్‌లు.

రహీం సాబ్ అసలు పని ఇక్కడ మొదలవుతుంది. జర్నైల్‌ను కూర్చోబెట్టేస్తే జట్టులో అందరికన్నా బలమైన మనిషి పోతాడు. పాత చోటే నిలబెడితే ఎత్తుగా వచ్చే ప్రతి బంతికీ తల పెట్టక తప్పదు. డిఫెండర్‌కు ఏ బంతికి వెళ్లాలో ఎంచుకునే వీలుండదు, వచ్చిన ప్రతిదాన్నీ ఆపాల్సిందే. ఒకసారి కుట్లు తెగి కూలబడ్డాడంటే వెనకాల గోల్ ఖాళీ. ఫార్వర్డ్ పరిస్థితి వేరు. ఏ బంతికి వెళ్లాలో, దేన్ని వదిలేయాలో అతనే తేల్చుకోవచ్చు. అతను తడబడితే ఒక అవకాశం పోతుంది తప్ప గోల్ పడదు. పైగా కాలేజీ రోజుల్లో జర్నైల్ ఫార్వర్డ్‌గా ఆడినవాడేనన్న సంగతి కోచ్‌కు తెలుసు. నాకు అర్థమైనంతలో ఆ నిర్ణయం వెనకున్న లెక్క ఇదీ. ఎదుటి జట్టు వైపు నుంచి చూసినా ఆ లెక్క సరిపోతుంది. ఇన్నాళ్లూ దాడుల్ని విరగ్గొట్టిన ఆ భారీ మనిషి ఉన్నట్టుండి తమ గోల్ ముందు తలకట్టుతో నిలబడితే ఎవరు పట్టుకోవాలి, ఎలా పట్టుకోవాలి? సమాధానం వెతుక్కోవడానికి వాళ్లకు వ్యవధి లేదు.

ఒక మనిషిని ముందుకు జరిపితే వెనకాల గుంట పడుతుంది. పనితనం తెలిసేది ఆ గుంటను పూడ్చడంలో. డిఫెన్స్ నడుమ బాధ్యత అరుణ్ ఘోష్ మీద పడింది. పక్కన కేరళకు చెందిన చంద్రశేఖర్, దెబ్బతిన్న వేలితోనే త్రిలోక్ సింగ్. వాళ్ల ముందు హాఫ్ బ్యాకులుగా గోవాకు చెందిన ఫ్రాంకో, బెంగాల్ నుంచి ప్రశాంత సిన్హా. ముందువరుసలో పీకేకీ జర్నైల్‌కీ మధ్య హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మనిషి యూసుఫ్ ఖాన్. ఒకే చోటుకు అతుక్కుపోకుండా వెనకాముందూ ఆడగల యూసుఫ్ లాంటివాడు జట్టులో ఒకడుంటే కోచ్‌కు మార్పులు చేయడం సులువవుతుంది. చాలీచాలని గుడ్డతో చొక్కా కుట్టాల్సిన దర్జీ ముందు కత్తెర పట్టుకోడు, చాలాసేపు గుడ్డను అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఈ పదకొండు మంది అమరిక వెనక అలా తిప్పి చూసిన చూపు ఉంది.

సెమీస్‌లో ఇంకో గ్రూపు విజేత దక్షిణ వియత్నాం. 3-2తో గట్టెక్కాం. చునీ రెండు గోల్స్ కొడితే మూడోది జర్నైల్ కొట్టాడు. మార్చిన చోట మొదటిసారే ఫలం దక్కింది. ఆ మ్యాచ్‌లో గోల్‌లో నిలబడ్డది యువకుడు ప్రద్యుత్ బర్మన్. ఫైనల్‌కు రహీం సాబ్ మళ్లీ తంగరాజ్‌ను పిలిచాడు. గెలిచిన జట్టును కదపకూడదని ఆటలో ఒక పాత నమ్మకం. దాన్ని పక్కనపెట్టి, జ్వరం నుంచి పూర్తిగా కోలుకోని మనిషిని దింపడానికి గుండె కావాలి. అయితే ఫైనల్ కొరియాతో. ఆరడుగుల పైన మూడంగుళాల ఎత్తున్న, హైదరాబాదు రాష్ట్రంలో పుట్టిన తంగరాజ్‌కు గోల్ ముందుకు వచ్చే ఎత్తు బంతులు అందినట్టు ఇంకెవరికీ అందవు. కొరియా చేతిలో ఒకసారి ఓడిన జట్టుకు ఎక్కడ ప్రమాదమో తెలుసు. బర్మన్‌లో లోపం ఉందని చేసిన మార్పు కాదది. రాబోయే మ్యాచ్‌కు ఏం కావాలో చూసి చేసిన మార్పు.

ఫైనల్‌కు ముందురోజు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్లను కూర్చోబెట్టి, రేపు మీ దగ్గర నుంచి నాకొక కానుక కావాలి, బంగారు పతకం తెచ్చివ్వండి అని అడిగినట్టు వాళ్లు తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. అప్పటికే ఆయన ఒంట్లో బాగాలేదు. ఆయన్ను తీసుకుపోయేది ఊపిరితిత్తుల క్యాన్సర్ అని ఆ గదిలో ఎందరికి తెలుసో గానీ, ఆయన అలా అడగడం అంతకుముందు ఎవరూ వినలేదు.

స్టేడియంలో లక్షమంది దాకా జనం. భారత్ బంతి తాకితే కేకలు, ఈలలు. ఆ రొద మధ్య మనవైపు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని మనవాళ్లు గుర్తుచేసుకున్నారు. 17వ నిమిషంలో పీకే గోల్ కొట్టాడు. ఇంకో మూడు నిమిషాలకే, 20వ నిమిషంలో, జర్నైల్ రెండోది కొట్టాడు. టోర్నీ మొదట్లో మనమీద రెండు గోల్స్ కొట్టిన జట్టు మీద ఇరవై నిమిషాల్లో రెండు. తర్వాత మిగిలింది డెబ్భై నిమిషాల కాపలా. చూసేవాళ్లకు అందులో అందం తక్కువ, పని ఎక్కువ. కొరియా ఎంత తోసుకొచ్చినా 85వ నిమిషం దాకా గోల్ పడలేదు. అప్పుడు చా తే-సుంగ్ ఒకటి కొట్టాడు. చివరి ఐదు నిమిషాలు ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్, వెనకాల తంగరాజ్ నిలబెట్టారు. 2-1. గాయాలతో, జ్వరంతో ఉన్నవాళ్లు ఎక్కడెక్కడ నిలబడితే జట్టుకు ఎక్కువ పనికొస్తారో అక్కడక్కడే నిలబడి ఉన్నారు ఆ చివరి నిమిషాల్లో.

ఇంత పనితనం ఎక్కడ అబ్బింది? జకార్తాలో కాదు, హైదరాబాదు మైదానాల్లో. 1909లో హైదరాబాదులో పుట్టిన రహీం ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి బడుల్లో పంతులుగా పనిచేశాడు. వ్యాయామ విద్య కూడా చదువుకున్నాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నాడు. 1950లో సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు వరసగా ఐదు సార్లు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులే ఫుట్‌బాల్ అనుకునే దేశంలో ఒక పోలీసు జట్టు అలా నిలబడటం అంతకుముందు ఎవరూ చూడలేదు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద 1-0తో గెలిచి భారత్ తెచ్చుకున్న మొదటి బంగారానికి కూడా కోచ్ ఆయనే. మన రెండు బంగారాలూ ఆ ఒక్క మనిషి చేతి మీదుగానే వచ్చాయి.

బడిపంతులు కాబట్టి ఆయనకు పిల్లలకు పాఠం ఎలా ఎక్కుతుందో తెలుసు. మంచిగా ఆడండి అని చెప్పి ఊరుకోలేదు, మంచిగా ఆడక తప్పని పోటీలు పెట్టాడు. బంతిని కాళ్ల దగ్గర ఉంచుకుని డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక పోటీ. అందులో ఆడేవాడికి బంతి రాకముందే ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడం అలవాటవుతుంది, తల ఎత్తి చుట్టూ చూడటం వస్తుంది. కుడికాలి వాటంగలవాడు ఎడమకాలితోనే ఆడాలని ఇంకో పోటీ. దాంతో మైదానంలో అతనికి చేతకాని వైపంటూ మిగలదు. పొట్టి పిల్లలకు విడిగా మరో పోటీ. ఒళ్లు పెరిగినవాడి భుజబలం ముందు నేర్పున్న చిన్నవాడు కనుమరుగైపోకుండా అది కాపాడుతుంది. ఈ మూడు నియమాలకూ పైసా ఖర్చు లేదు. ఒక్కోటీ ఒక్కో లోపాన్ని పట్టి దిద్దుతుంది. మైదానంలో కోచ్ అరిచి చెప్పాల్సిన మాటను ఆట నియమమే చెప్పేస్తుంది.

దెబ్బ తగిలినప్పుడు నేర్చుకోవడమూ ఆయనకు తెలుసు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా మనల్ని 10-1తో ఓడించింది. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో ఉత్తకాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, సలాం, జుల్ఫికరుద్దీన్, తంగరాజ్, బలరాం, ఇలా హైదరాబాదు పేర్లు ఎన్నో. అప్పట్లో మన దగ్గర ముందువరుస ఐదుగురూ ఒకే గీత మీద నిలబడేవారు. 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించిన హంగరీ జట్టు ఆటను రహీం శ్రద్ధగా చూశాడు. ఆ పద్ధతిలో ఫార్వర్డ్‌లలో ఒకణ్ని వెనక్కి లాగి మధ్యలో ఆడించాడు. ఆ మనిషి వెంట పోవాలా, చోటు కాచుకోవాలా అని ఎదుటి డిఫెండర్ తేల్చుకోలేకపోయేవాడు. ఆస్ట్రేలియా మీద 4-2తో గెలిచాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే అయింది. నాలుగో స్థానంతో తిరిగివచ్చాం.

పనివాడి గొప్పతనం సరుకును గుర్తుపట్టడంలోనూ ఉంది. బలరాం అమ్ముగూడ పేదింటి పిల్లవాడు. పోలీసులు వాడి పారేసిన బూట్లను చెప్పులు కుట్టే అతనితో ఆటబూట్లుగా మార్పించుకుని ఆడినవాడు. ఆ కుర్రాడి ఆట రహీం కంటపడింది. శిక్షణకు రమ్మంటే అంతదూరం వచ్చిపోయే స్తోమత లేదన్నాడు. అద్దె సైకిలుకు డబ్బు తానిస్తాను రమ్మన్నాడు రహీం. ఆ పిల్లవాడే 1956లో మెల్‌బోర్న్ వెళ్లాడు, 1960లో రోమ్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు, 1962లో జకార్తాలో పతకం మెడలో వేసుకున్నాడు. ఆ సైకిలు అద్దె భారత ఫుట్‌బాల్‌కు పెట్టిన అతిచిన్న పెట్టుబడుల్లో ఒకటి, వచ్చిన ఫలం మాత్రం లెక్కకు అందదు. రహీం సాబ్ 1963 జూన్ 11న కన్నుమూశాడు. పని మాత్రం అక్కడితో ఆగిపోలేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్, కోచ్‌ల్లో ఒకరు పీకే బెనర్జీ.

ఛత్తీస్‌గఢ్‌లోని మన కొంటాలో కూర్చుని ఇదంతా చదవాల్సిన పనేమిటంటే, ఉంది. సీలేరు వచ్చి శబరిలో కలిసే ఈ చోట ఒడ్డు దాటితే ఒడిశా, రోడ్డు మీద కాస్త దిగువకు పోతే ఆంధ్ర. తెలుగూ దోర్లీ కోయా హల్బీ మాట్లాడే పిల్లలు ఒకే బంతి వెనక పరుగెత్తే ప్రాంతమిది. 2012లో సుక్మా జిల్లా ఏర్పడ్డాక కూడా చాలా ఏళ్లు ఈ దారిన వచ్చిన వార్తలు తుపాకుల వార్తలే. ఇప్పుడు వేరే వార్తలూ వస్తున్నాయి. 2024 చివర్లో జరిగిన బస్తర్ ఒలింపిక్స్‌లో ఏడు జిల్లాల నుంచి లక్షన్నరకు పైగా పేర్లు నమోదయ్యాయి. బ్లాకు స్థాయి నుంచి జగదల్‌పూర్ దాకా సాగిన ఆ పోటీల్లో ఫుట్‌బాల్ కూడా ఉంది. అదే ఏడాది నారాయణపూర్ రామకృష్ణ మిషన్ ఆశ్రమ మైదానంలో స్వామి వివేకానంద పేరిట పెట్టిన అండర్-20 జాతీయ ఛాంపియన్‌షిప్ జరిగింది. అక్కడి ఆశ్రమం అకాడమీ పిల్లలు దేశం నలుమూలలకూ వెళ్లి ఆడుతున్నారు. బస్తర్ నేలకు ఫుట్‌బాల్ కొత్త కాదు, దూరమూ కాదు.

మన దగ్గర ఆట లేకపోలేదు. లేనిది ఆటను ఓపికగా దిద్దే చెయ్యి. పచ్చగడ్డి మైదానం లేదు, మంచి బూట్లు లేవు, జిమ్ లేదు అని మనం చెప్పుకునే కొరతలన్నీ రహీం సాబ్ పిల్లలకూ ఉన్నాయి. ఆయన చేతిలో ఉన్న పనిముట్లు మాత్రం ఈ రోజు కొంటాలోని ఏ బడిపంతులుకైనా అందుబాటులోనే ఉన్నాయి. వచ్చే ఎండకాలం సెలవుల్లో ఒక పోటీ డ్రిబ్లింగ్ లేకుండా పెట్టండి, ఇంకోటి వాటం లేని కాలితో ఆడించండి, మూడోది పొట్టి పిల్లలకు విడిగా పెట్టండి. ఏ పిల్లవాడికి ఏం వచ్చో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. రాలేనన్న పిల్లవాణ్ని ఎందుకు రాలేవని అడిగి, ఆ అడ్డు తీసేయండి. లక్షమంది అరిచే స్టేడియంలో గెలిచిన పని ఇలాంటి చిన్న పనులతోనే మొదలైంది. ఆ పని మన ఊళ్లో చేయడానికి పై నుంచి ఎవరి అనుమతీ అక్కర్లేదు.